మోరి నుంచి మోరికి దారి లేదు

ఫిబ్రవరి 2
రాకలు 31. పోకలు 44.

ఈ పుస్తకంలో పేజీకి మూడు గళ్లు. రాకలు, పోకలు, విశేషాలు. నేను ఈ గుమ్మం కాపలాకి వచ్చి నాలుగేళ్లయింది. విశేషాల గడిలో ఇంతవరకు ఒక్క ముక్క రాయాల్సిన పని పడలేదు.

పొద్దున ప్రపంచ నామ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. గుమ్మంలో నిలబడి పేరు చెబితే ఒక్క అడుగులో ఆ ఊరి గుమ్మంలో దిగుతాం, అలా చెప్పేటప్పుడు ఊరు, జిల్లా, దేశం మూడూ చెప్పాలి కదా. జనం జిల్లా పేర్లు మర్చిపోతున్నారట, వెనక వరసలు పెరిగిపోతున్నాయట. అందుకని ఇకమీదట ఊరి పేరు ఒక్కటి చెబితే చాలు. ఒకే పేరుతో ఎన్ని ఊళ్లున్నా సరే, ఈ నెలాఖరుకి ఏ ఊరి గుమ్మంలో ఎక్కువమంది దిగితే పేరు ఆ ఊరిదే. మిగతావాటికి కార్యాలయం వారే కొత్త పేర్లు పెడతారు. అందుకు రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ ఆ ఊళ్ల గుమ్మాలు మూత.

గుమ్మం ఉన్న మోరిలు నాలుగని ఉత్తరం చివర రాశారు. కోనసీమలో మాది ఒకటి, ఇటలీలో ఒకటి, జపాన్‌లో రెండు.

మా పంచాయతీ ప్రెసిడెంటు కడలి సుబ్బారాయుడు గారికి చదివి వినిపించాను. ఆయన కండువా సర్దుకుని, "మందే అసలు మోరండి. మిగతావాళ్లు ఎక్కడో విని పెట్టుకునుంటారు" అన్నారు.

నాకు పేరు గొడవకన్నా గుమ్మం గొడవే ఎక్కువైంది. మా ఆయన ధనరాజు గారు వారానికి మూడు రోజులు భీమవరం వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవాలి. గుమ్మంలోంచి అయితే ఒక్క అడుగు. అది లేకపోతే ఆటోలో సఖినేటిపల్లి రేవు, పంటు మీద గోదావరి దాటి నరసాపురం, అక్కడ బస్సు. వంతెన కడతామని స్తంభాలు లేపారు గానీ, గుమ్మాలు వచ్చాయి కదా అని సగంలో వదిలేశారు. ఒకప్పుడు ఆ పంటు నడిపింది ఈయనే. గుమ్మాలొచ్చాక ఎక్కేవాళ్లు తగ్గిపోయి ఆ పని వదిలి రేవులో దిగిపోయారు.

"రెండేళ్లు పంటు మీదెళ్లాలంటే కట్టమేనే రత్నం" అన్నారు రాత్రి అన్నం తింటూ.

ఫిబ్రవరి 6
రాకలు 418. పోకలు 420.

ప్రెసిడెంటు గారు ఊరందరినీ రాజోలు పంపుతున్నారు. వెళ్లడం, వెనక్కి తిరిగి ఇక్కడ దిగడం. ఒక మనిషి రాకని రోజుకి ఒక్కసారే లెక్కిస్తారు కాబట్టి ఇంటిల్లిపాదీ వెళ్లాల్సిందే. కొందరు లుంగీల మీద, కొందరు నోట్లో బ్రష్షుతో వెళ్లి వస్తున్నారు. ప్రెసిడెంటు గారి మేనత్త మంగాయమ్మ గారికి తొంభై ఏళ్లు. ఆవిడని కుర్చీతో సహా మోసుకెళ్లి తెచ్చారు. "రాజోలు సూసి ముప్పయ్యేళ్లయ్యిందిరా, ఒక్క నిమిషం ఆపరా" అని ఆవిడ అంటూనే ఉన్నారు, ఆ మాట పూర్తయ్యేసరికి మోరిలో ఉన్నారు.

రాజోలు గుమ్మం ఆవిడ నాకు ఫోను చేసింది. "మీ ఊరోళ్లు మా గుమ్మంలోకి రావడం, మొహం సూపించి ఎల్లిపోడం. కనీసం టీ తాగి ఎల్లమనండి. మా హోటలు శంకరం పాపం నాలుగొందల గ్లాసులు కడుక్కుని కూసున్నాడు."

సాయంత్రానికి నాలుగు మోరిల్లో మేమే ముందున్నాం. రెండోది జపాన్‌లో హొక్కైదో మోరి. అక్కడ మంచు కురిసే కాలమట, అందరూ గుమ్మంలోనే తిరుగుతున్నారట. ఇటలీ మోరి అందరికన్నా కింద.

ఫిబ్రవరి 9
రాకలు 437. పోకలు 431.

ఇద్దరు మగవాళ్లు పొడుగాటి వెదురు బద్దలతో, మోకాళ్లదాకా బూట్లతో దిగారు.

"మోరీ ఏడున్నదమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఇదేనండి మోరి."

"ఇది ఊరు గదా. మోరీ, మోరీ. నీళ్లు పోయే మోరీ."

వాళ్లది హైదరాబాదు. అక్కడ మురుగు కాలవని మోరీ అంటారట. ఏ బస్తీలో పూడిందో పేరు చెప్పకుండా "మోరీ కాడికి పోవాలె" అన్నారట గుమ్మంలో. ప్రెసిడెంటు గారు ఈ సంగతి విని ముఖం ఎర్రగా చేసుకున్నారు. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు వాళ్లని పంచాయతీ ఆఫీసు వెనక్కి తీసుకెళ్లారు. అక్కడ ఆరు నెలలుగా కదలని కాలవ ఉంది. రెండు గంటల్లో దాన్ని పారించి, చెరో బొండం తాగి, "ఇప్పుడు మంచిగున్నది మీ మోరీ" అని దీవించి వెళ్లారు.

"మనుషులు ఇద్దరొచ్చారని రాయమ్మా. ఎందుకొచ్చారో రాయక్కర్లేదు" అన్నారు ప్రెసిడెంటు గారు. క్షమించాలి, రాసేశాను.

ఫిబ్రవరి 11
రాకలు 452. పోకలు 440.

మధ్యాహ్నం ఒక పొడుగాటి ముసలాయన ఉన్ని కోటుతో దిగి, మా ఎండలోకి ఒక అడుగు వేసి, మళ్లీ లోపలికి వచ్చేశాడు. చేతిలో కాగితంలో చుట్టిన పెద్ద జున్నుముద్ద.

నేను దుద్దు పెట్టుకుని మాట్లాడించాను. పరాయి భాషని మన మాటలోకి మార్చే దుద్దులు ప్రతి గుమ్మానికీ ఇచ్చారు. వాటికి మన మాట నేర్పడానికి ఊళ్లో ఎవరైనా పది రోజులు మాట్లాడాలి. మా ఊళ్లో పది రోజులు ఆపకుండా మాట్లాడగలిగింది మంగాయమ్మ గారొక్కరే. అందువల్ల మా గుమ్మంలోకి ఏ దేశంవాళ్లు దిగినా చెవిలో ఆవిడ గొంతే, ఆవిడ మాటే.

"ఏవమ్మాయ్, ఇదేం మోరే తల్లీ? ఉడికిపోతన్నాను" అన్నాడు ఆ పెద్దమనిషి గంభీరంగా.

ఆయన పేరు తుల్లియో. ఇటలీ మోరి. చెల్లెలి ఊరు వెళ్లి ఇంటికి పోవడానికి "మోరి" అన్నాడట. మళ్లీ గుమ్మంలో నిలబెట్టి మోరి అనమన్నాను. అన్నాడు. "మీరు మోరిలోనే ఉన్నారు" అంది గుమ్మం. రాజోలు పంపి అక్కణ్నుంచి మోరి అనమన్నాను. మళ్లీ మా దగ్గరే దిగాడు. మూడుసార్లు అదే వరస. మూడోసారికి రాజోలు శంకరం ఆయనకి టీ ఇచ్చి పంపాడు.

కార్యాలయానికి ఫోను చేస్తే, పేరు కలిసినప్పుడు గుమ్మం లెక్కలో ముందున్న ఊరికే పంపుతుందని, అది లోపం కాదని, సౌకర్యమని చెప్పారు.

"మీ ఊరి పక్కన పెద్ద ఊరు ట్రెంటో ఉందట కదండీ. అక్కడ దిగి బస్సెక్కండి" అన్నాను తుల్లియోతో.

"ఆ బస్సు తోలేది మా బావమరిదమ్మా. ఆడికీ నాకూ పదకొండేళ్లుగా మాటల్లేవు."

"నడిచి వెళ్లలేరా?"

"కొండలమ్మాయ్. మోకాళ్లు సూడు."

మా వీధి అరుగు మీద చాప వేశాను.

ఫిబ్రవరి 15
రాకలు 509. పోకలు 478.

తుల్లియో ఇంకా ఇక్కడే ఉన్నాడు. ప్రెసిడెంటు గారు ఆయన్ని రోజూ పొద్దున రాజోలు తీసుకెళ్లి తెస్తున్నారు. ఒక రాక కలుస్తుంది కదా. నెలాఖరు దాకా ఉండమని కొత్త లుంగీ పెట్టారు. తుల్లియోకి లుంగీ నచ్చింది, జీడిపప్పు కూర ఇంకా నచ్చింది. జున్నుముద్దని మా ఆయనకి బహుమతిగా ఇచ్చాడు. ఆయన తినకూడనివాటిలో అది మొదటిది. ఇద్దరూ దాన్ని మధ్యలో పెట్టుకుని సాయంత్రాలు మాట్లాడుకుంటారు.

ఈ రోజు తుల్లియో ఒక మాట అన్నాడు. "మా ఊళ్లో గుమ్మంలో ఇప్పుడెవరూ దిగడం లేదమ్మాయ్. మా మనవరాలు పక్క ఊళ్లో సదువుకుంటాది. మోరి అంటే ఎక్కడ తేలతానో అని ఇంటికి రావడం మానేసింది. మావోళ్లంతా మీ లెక్కలో పడతన్నారు."

నేను పుస్తకం మూసేశాను. నిన్నటి నుంచి జపాన్‌వాళ్లు పన్నెండుమంది, ఇటలీవాళ్లు తొమ్మిదిమంది దిగారు. అందరికీ మంచినీళ్లిచ్చి, పెద్ద ఊళ్ల పేర్లు చెప్పించి పంపాను. వాళ్ల రాకలు మాత్రం మా గడిలో రాశాను. అవి రాయకపోతే మా ఆయన పంటెక్కాలి. రాస్తే తుల్లియో మనవరాలు ఇంటికి వెళ్లలేదు. మా ఆయనతో ఈ సంగతి అనలేదు. అంటే ఆయన ఏం చెబుతారో తెలుసు.

ఫిబ్రవరి 17
రాకలు 498. పోకలు 503.

తుల్లియో వెళ్లిపోయాడు. "ఏడు రోజులు పరాయోళ్లతోనే కులాసాగా మాట్లాడాను, బావమరిదితో మాట్లాడలేనా" అని ట్రెంటో గుమ్మం పేరు చెప్పాడు. లుంగీతోనే వెళ్లాడు. అక్కడ చలని గుర్తు చేస్తే, "ఆడు నవ్వుతాడు. నవ్వితే మాట కలిసినట్టే" అన్నాడు.

ఫిబ్రవరి 20
రాకలు 211. పోకలు 206. ఆ తర్వాత ఒక్కటి.

పొద్దున తొమ్మిదింటికి మా ఆయన భీమవరం సంచి పట్టుకుని గుమ్మం బెంచీ మీద కూర్చున్నారు. ఆయన లేవబోతుండగా గుమ్మంలో ఒక నడివయసు ఆవిడ దిగింది. భుజాల మీద మంచు, చేతిలో నల్లటి పెట్టె. చుట్టూ చూసి, కొబ్బరి చెట్లు చూసి, పెట్టె కింద పెట్టేసింది.

దుద్దులో మంగాయమ్మ గారి గొంతు వణికింది. అది ఎప్పుడూ వణకగా వినలేదు. "అమ్మా, ఇది హొక్కైదో కాదు కదమ్మా?"

ఆవిడ పేరు తోమోయె. హొక్కైదో మోరిలో మంత్రసాని. పని మీద సప్పొరొ నగరం వెళ్లింది. అక్కడుండగా ఊళ్లో ఒక అమ్మాయికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. మంచుకి రైళ్లు ఆగిపోయాయి, రోడ్లు మూసేశారు. ఊళ్లో వేరే ఎవరూ లేరు. గుమ్మం ఒక్కటే దారి. దారి తప్పుతుందని విన్నా, ఆశ చావక సప్పొరొ గుమ్మంలో నిలబడి మోరి అంది. ఇక్కడ తేలింది.

"మీ ఊరి పక్కన వేరే గుమ్మం లేదా?"

"ఉందమ్మా. అక్కణ్నించి మా ఊరికి గంట రైలు. ఆ రైలే ఆగిపోయింది."

గుమ్మంలో నిలబెట్టి జపాన్ అనిపించాను, హొక్కైదో అనిపించాను, జిల్లా పేరు అనిపించాను. "ఊరి పేరు ఒక్కటే చెప్పండి" అంది గుమ్మం. మోరి అంది. "మీరు మోరిలోనే ఉన్నారు." కార్యాలయానికి ఫోను చేశాను. మూడు పనిదినాల్లో జవాబిస్తామన్నారు. బిడ్డ మూడు పనిదినాలు ఆగదని చెప్పాను. అది కూడా నమోదు చేసుకున్నారు.

గుమ్మం పక్కన కాపలావాళ్లకి మాత్రం తెరుచుకునే చిన్న తలుపు ఉంది. లోపల రెండు మీటలు. మొదటిది మూత. దానికి అమలాపురం నుంచి తాళం రావాలి, పూట పడుతుంది. రెండోది పేరు మార్పు. దానికి నా బొటనవేలు చాలు. వేలు పెట్టి చూశాను. గుమ్మం చదివింది: "పేరు మారిస్తే పాత పేరు ఈ ఊరికి తిరిగి రాదు. మీట మీద వేలు పడింది, ఈ పూటకి మిగతా పోకలు ఆగాయి. మారిన వెంటనే ఒక్క పోకకి అనుమతి. ఆ తర్వాత కొత్త ముద్ర పడేదాకా గుమ్మం మూత."

మా పేరు తీసేస్తే మోరి అన్నవాళ్లు రెండో ఊరికి వెళ్తారు. రెండోది ఈవిడ ఊరే.

వేలు మీట మీదే ఉంచి మా ఆయన వైపు చూశాను. ఒక్క పోక. ఆయన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నిన్నటి నుంచే కాళ్లు వాచాయి.

"నా మొకం సూత్తావేటే. పంపేయ్" అన్నారు.

"మీరో?"

"నాకు సాయంత్రం దాకా టైముంది. ఆ పిల్లకి లేదు. పంటు పన్నెండింటికి. నువ్వు ఆటోకి ఫోన్ జెయ్యి."

నొక్కాను. "కొత్త పేరు చెప్పండి" అంది గుమ్మం.

ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని, ఊరికి పేరు పెట్టాలని ఎప్పుడైనా ఆలోచించానా? కొత్త మోరి అన్నాను. మోరి అనే మాట ఉండకూడదంది. మా అమ్మ పేరు చెప్పాను. ఆ పేరుతో ఏడు ఊళ్లున్నాయంది. తోమోయె పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

ఎవరు చెప్పారో గానీ ప్రెసిడెంటు గారు పంచె ఎగ్గట్టుకుని మెట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చారు. ముప్ఫై అడుగుల దూరం నుంచే, ఊరంతా వినిపించేలా, "ఆగండాగండి" అని అరిచారు.

గుమ్మం ఒక్క క్షణం ఆలోచించింది. "ఆగండాగండి. ఈ పేరు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నమోదైంది. అభినందనలు."

"మోరి" అంది తోమోయె, వెళ్లిపోయింది. గుమ్మంలో దీపం ఆరిపోయింది.

ప్రెసిడెంటు గారు మెట్ల మీదే కూలబడ్డారు. గోడ మీద బోర్డులో అక్షరాలు వాటంతటవే మారాయి. ఆయన కూడబలుక్కుని చదివారు. మళ్లీ చదివారు.

ఫిబ్రవరి 21
రాకలు లేవు. పోకలు లేవు.

మధ్యాహ్నం ఫోను మోగింది. దుద్దు పెట్టుకున్నాను.

"ఆడపిల్లమ్మా. కాళ్లు ముందొచ్చాయి, తిప్పి తీశాను. తల్లీ పిల్లా కులాసా. రెండు కిలోల రెండొందలు. ఏడుపు మాత్రం ఐదు కిలోలుంది" అంది తోమోయె. ఫోనులో ఆ ఏడుపు కూడా వినిపించింది. దాన్ని దుద్దు అనువదించలేదు. అక్కర్లేదు కూడా.

మా ఆయన నిన్న సాయంత్రం నాలుగింటికి భీమవరం చేరారు. పంటు మీద కొత్త డ్రైవరు ఇసక మేట వైపు తిప్పుతుంటే ఊరుకోలేక పక్కన నిలబడి చెప్పారట. దిగేటప్పుడు వాడు, రేపు కూడా వస్తారా మాస్టారూ అన్నాడట. ఈయన ముఖంలో అలసట ఉంది, దానితోపాటు నేను చాలా కాలంగా చూడని ఒక రకం గర్వం కూడా ఉంది.

ఫిబ్రవరి 24

పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. నన్ను మధ్యలో నిలబెట్టారు. పెళ్లి శుభలేఖలు అచ్చు వేయించుకున్నవాళ్లు, దుకాణం బోర్డు రాయించుకున్నవాళ్లు అందరూ లేచారు.

"మా అబ్బాయికి సమ్మందం సూత్తన్నాం. ఏ ఊరండీ అని అడుగుతారు. ఆగండాగండి అంటే ఆలోచించుకుంటున్నాం అనుకుంటారు" అంది ఒకావిడ.

"కండక్టరు ఊరి పేరు సెప్పగానే డ్రైవరు బ్రేకేత్తన్నాడు. బస్సు మన ఊళ్లో దిగేవోళ్లున్నా లేకపోయినా ఆగుతుంది" అన్నాడు ఆటో ఏసురత్నం. ఆయనకి అది నష్టం.

నేను జరిగింది చెప్పాను. పుట్టిన పిల్ల సంగతి చెప్పాను. కాస్త తగ్గారు గానీ ఎవరూ నా పక్కన కూర్చోలేదు. నాకూ బాధగానే ఉంది. మోరి అనే రెండక్షరాలు మా నాన్న ఉత్తరాల మీద ఎంత గుండ్రంగా రాసేవాడో. వాటిని నా వేలితోనే చెరిపేశాను.

అప్పుడు మంగాయమ్మ గారు కుర్చీలోంచి, "పేరు పెట్టింది రత్నమేటి? అరిసింది మీ ప్రెసిడెంటు కదా" అన్నారు. జనమంతా అటు తిరిగారు. ప్రెసిడెంటు గారు మీటింగు ముగిసిందని చెప్పారు.

మార్చి 10
రాకలు 38. పోకలు 52.

పద్దెనిమిది రోజుల తర్వాత గుమ్మం తెరుచుకుంది. పోటీలో లేని పేరు కాబట్టి రెండేళ్లు ఆగక్కర్లేదని, కొత్త ముద్ర పడితే చాలని కార్యాలయం రాసింది. ఈ రూలు ఉత్తరం వెనక పేజీలో ఉందట. వెనక పేజీ ఉందని ఎవరికీ తెలియదు, రాసినవాళ్లకి కూడా అనుకుంటాను.

హొక్కైదో మోరికి పేరు దక్కింది. ఇటలీ మోరివాళ్లు నెల ముగిసే ముందే తమంతట తామే పేరు మార్చుకున్నారని, వాళ్ల గుమ్మం కూడా తెరిచే ఉందని తుల్లియో ఫోను చేశాడు. పేరు ఎవరు పెట్టారని అడిగితే, "మా బావమరిది. అందుకే నేను పలకను" అన్నాడు. మనవరాలు మాత్రం ఆదివారం ఇంటికి వచ్చిందట.

మొదటి పోక మా ఆయనదే. భీమవరం, ఒక్క అడుగు. పంటు డ్రైవరుకి మాత్రం ఆదివారాలు వస్తానని మాట ఇచ్చి ఉన్నారు.

మార్చి 14
రాకలు 40. పోకలు 41.

పేరు మారినప్పటి నుంచి నా మొహం చూడని ప్రెసిడెంటు గారు పొద్దున వచ్చి ముక్తసరిగా భీమవరం అని వెళ్లారు. వెళ్లి గంట కాలేదు, గుమ్మంలో దిగారు. కండువా జారిపోయి ఉంది, సర్దుకోలేదు. వచ్చి నా బల్ల ముందు బెంచీ మీద కూర్చున్నారు.

"మంచినీళ్లు కావాలాండి?"

"వద్దమ్మా." బెంచీ నా బల్ల దగ్గరికి జరుపుకున్నారు. "భీమవరం గుమ్మం దగ్గర యాభైమంది వరస. నేను ఆఖర్న ఉన్నాను. ఇంటికెళ్లాలి కదా, పేరు నోటికి తిరుగుతాదో లేదో అని ఓసారి గట్టిగా అని చూసుకున్నాను. ఆగండాగండి, అని."

"ఆయ్."

"వరసంతా ఆగిపోయిందమ్మా. ముందు గుమ్మంలో నిలబడినోడు కూడా కాలు వెనక్కి తీసుకున్నాడు. అందరూ పక్కకి జరిగి దారిచ్చారు. నేను నడుచుకుంటా వచ్చేశాను."

ఆయన కళ్లు తుడుచుకున్నారు.

"ఇరవయ్యేళ్లు ప్రెసిడెంటుగిరీ సేశాను రత్నకుమారీ. నేను ఆగమంటే ఆగినోడు ఇన్నాళ్లకి కనిపించాడు."

తర్వాత లేచి, కండువా సర్దుకుని, రాజమండ్రి గుమ్మం దగ్గర వరస ఇంకా పెద్దగా ఉంటుందా అని అడిగారు. ఉంటుందన్నాను. వెళ్లారు.